భుజం కాదు, గుండె

ఆ ఊళ్ళో ఎవరికి ఎక్కడ నొప్పిగా ఉందో వాళ్ళు నోరు విప్పి చెప్పరు. ఐలాకు ఒళ్ళు మండడానికి అదొక్కటి చాలు. ఇరవయ్యొక్క ఏళ్లుగా ఆమె వృత్తి మర్దన. వచ్చినవాడు బూట్లకంటిన మంచు గుమ్మంలో దులిపి, చొక్కా విప్పి, బల్ల మీద బోర్లా పడుకుని గోడకేసి చూస్తాడు. "ఎక్కడయ్యా నొప్పి?" అంటే "ఏం లేదు" అంటాడు. "ఏం లేకపోతే ఎందుకొచ్చావు?" అంటే కాసేపు ఆలోచించి "ఊరికే" అంటాడు. తీరా చెయ్యి వేసి చూస్తే నడుమంతా కొయ్యబారి ఉంటుంది. అతను మూడు వారాల కిందట ట్రాక్టరు మీంచి పడ్డాడన్న సంగతి, అతని పెళ్ళాం పాల కేంద్రంలో ఎవరితోనో అంటే ఆ నోటా ఈ నోటా ఐలా దాకా వస్తుంది.

"మీకంటే మీ ఆవులు నయం! నొప్పెడితే కనీసం అంబా అంటాయి," అని ఐలా అరుస్తుంది.

బల్ల మీదివాడు "ఊఁ" అంటాడు. ఒప్పుకున్నాడో ఊరుకున్నాడో దేవుడికే తెలియాలి.

ఆమె పని చేసేది ఇంటి వెనక సౌనాలో, చెక్కతో కట్టిన ఆవిరి స్నానపు గదిలో. గురువారం, శనివారం పొద్దున్నే పొయ్యిలో కట్టెలు వేసి రాళ్ళు కాగబెడుతుంది. ముందు ఆవిరి, తరవాత బిర్చి చెట్టు కొమ్మల కట్టతో ఒంటినిండా తట్టడం, ఆ తరవాత బయటి గదిలో బల్ల మీద మర్దన. అడిగినవాళ్ళకు వీపు మీద కొమ్ములు బిగించి చెడురక్తం కూడా తీస్తుంది. పాలు పితికే ఆడవాళ్ళ మెడలు, అడవిలో రంపం పట్టే మగవాళ్ళ మోచేతులు, బడిపంతులమ్మ పిక్కలు అన్నీ ఆమె చేతికి తెలుసు. ఆదివారం ప్రసంగంలో జనం కునుకు తీస్తుంటే పళ్ళు బిగబట్టుకుని కూర్చునే పాదిరిగారి దవడ కూడా ఆమె చక్కబెట్టిందే. ఫిన్లాండు పటంలో కనీకనిపించని ఆ బయలు సీమలో ఆమె చెయ్యి పడని వీపు లేదంటే అతిశయోక్తి కాదు.

ఇంకో చిరాకు ఉంది. తమ నొప్పి గురించి ముక్క చెప్పనివాళ్ళు ఆమె పాత బతుకు గురించి మాత్రం ఆరాలు తీస్తారు. "ఆ మోటారుసైకిలు సంగతి చెప్పు, ఐలా" అని బల్ల మీంచే గునుస్తారు. పదిహేడేళ్లప్పుడు ఆమె ఊరూరా తిరిగే వినోదాల బృందంతో లేచిపోయిన మాట నిజమే. మృత్యుకూపంలో, నిలువు చెక్కగోడ మీద, ఎర్ర లాగు వేసుకుని మోటారుసైకిలు నడిపింది. పక్కటెముకలు రెండు విరిగాక దిగి, వేసవి డాన్సు హాళ్ళలో టాంగో పాటలు పాడింది. గొంతు పోయాక కలప ఓడలో వంటమనిషిగా చేరి ఇంగ్లండు దాకా వెళ్ళొచ్చింది. మొదటి మొగుడు ఓడ ఇంజను దగ్గర పనిచేసే స్వీడనువాడు, మంచివాడే గాని ప్రతి రేవులోనూ అంతే మంచివాడు. రెండో మొగుడు చర్చిలో ఆర్గను వాయించేవాడు, పెళ్ళయిన మొదటి చలికాలమంతా ఆమెతో పదకొండు మాటలు మాట్లాడాడు. ఆమె లెక్కపెట్టింది.

ఇవన్నీ నవ్వుతూనే చెప్పేది. ఆ తరవాత గడిపిన ఆరేళ్ళ సంగతి మాత్రం ఎవరు అడిగినా "తల అటు తిప్పు" అని మాట దాటేసేది.

ఆ ఆరేళ్ళూ ఆమె తన అన్న ఎన్సియో వ్యానులో తిరిగింది. తనకంటే ఆరేళ్ళు పెద్దవాడు, నోరు తెరిస్తే ఎండుచేపకు కూడా ఈత నేర్పగల ఘనుడు. ఇద్దరూ కలిసి సంతల్లో ఎలుగుబంటి కొవ్వు లేపనం అమ్మేవారు. అందులో ఎలుగు లేదు. బట్టలు ఉడకబెట్టే గంగాళంలో పందికొవ్వు, దేవదారు తారు, టర్పెంటైను కలిపి కాచేవారు. ఎన్సియో చంకకర్రలతో గుంపులోంచి కుంటుకుంటూ వచ్చేవాడు. ఐలా అతని మోకాలికి రాసేది. అతను కర్రలు విసిరేసి నాలుగు అడుగులు వాల్ట్జ్ నాట్యం వేసేవాడు. భుజాలకు చిన్న సీసా, గుండెకు పెద్ద సీసా. పెద్ద సీసాలు కదలకపోతే అన్న ఒక మాట కనిపెట్టి చెల్లెలికి నేర్పాడు. భుజం నొప్పని వచ్చినవాళ్ళ మీద చెయ్యి వేయాలి, కళ్ళు మూసుకోవాలి, మొహంలో రంగు మారినట్టు చూపించాలి, మెల్లగా చెప్పాలి: "భుజం కాదు, గుండె." అంతే, పెద్ద సీసా చేతులు మారేది.

ఒక ఉత్తరాది సంతలో, అడవి శిబిరంలో వంటచేసే లెంపి అనే ఆవిడ చెయ్యి పైకెత్తలేక వచ్చింది. ఐలా అలవాటుగా ఆ మాట అనేసింది. ఆవిడ సీసా అడగలేదు. పక్కనున్న చెక్కపెట్టె మీద కూలబడి, "నాకు నలుగురు పిల్లలు. ఎన్నాళ్ళుంది?" అని అడిగింది.  ఐలా ఆవిడను వ్యానులోకి లాక్కెళ్ళి రెండు గంటలు ఆ భుజాన్ని పిసికింది, తెలిసీ తెలియక, ఏడుస్తూ. చివరికి ఆ చెయ్యి పైకి లేచింది. అప్పుడు చెప్పింది, "మీ గుండె బాగానే ఉంది, నేను అబద్ధమాడాను" అని. లెంపి ఆ వదులైన చేత్తోనే ఆమె చెంప ఛెళ్ళుమనిపించి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే ఐలా వ్యాను దిగేసింది. అన్న ఆరేళ్ళు మాట్లాడలేదు. ఆమె కొమ్ములు పెట్టే ఒక ముసలమ్మ దగ్గర చేరి నాలుగేళ్ళు నీళ్ళు మోసి, కట్టెలు కొట్టి, ఆ తరవాతే ఒక వీపు మీద చెయ్యి వేసే అర్హత సంపాదించింది. నలభై ఏళ్ల వయసులో పట్నం బళ్ళో పిల్లల మధ్య కూర్చుని చదివి, పరీక్ష రాసి, సర్టిఫికెట్టు తెచ్చి గోడకు తగిలించింది.

ఎన్సియో కూడా చివరికి వ్యాను అమ్మేసి కోతమిల్లులో కాపలా పనికి కుదిరాడు. భార్య పోయాక వారానికి రెండుసార్లు చెల్లెలి ఇంటికి కాఫీకి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఆ సర్టిఫికెట్టు ముందు నిలబడేవాడు.

"అద్దం కట్టించావు చూడు, అదీ తెలివి. మనకప్పుడు ఈ ఆలోచన రాలేదే!"

"అది మోసం కాదురా అన్నయ్యా, చదువు."

"నాకా చెప్తున్నావు?" అని కన్ను గీటేవాడు. లోకం మొత్తం నమ్మినా అతను నమ్మడు. తెర వెనక నిలబడి చూసినవాడికి తెర ముందున్నది ఎలా కనిపిస్తుంది? ఐలా అది అర్థం చేసుకుంది గాని క్షమించలేదు.

ఆ ఏడు మార్చిలో, మంచు పైపైన కరిగి మళ్ళీ గడ్డకట్టే రోజుల్లో, ఎన్సియో ఎడమ భుజం పట్టుకుని వచ్చాడు. కాఫీ తాగి, బన్ను తిని, అరగంట వాతావరణం గురించి మాట్లాడి, లేచి వెళ్ళబోతూ, "చూడు, ఇక్కడ కాస్త పట్టేసింది, రుద్దు" అన్నాడు.

ఐలా చెయ్యి వేసింది. ఆమె వేళ్ళు ఆగిపోయాయి. కండ ఎక్కడా బిగుసుకోలేదు, ముద్ద లేదు, ముడి లేదు. బన్ను పిండిలా మెత్తగా ఉంది.

"ఎప్పుడు వస్తుంది నొప్పి?"

"రాదు."

"రాని నొప్పికి రుద్దమన్నావా? మెట్లెక్కితే వస్తుందా?"

"అటక మీదికి ఎక్కితే. దిగి కూర్చుంటే పోతుంది."

"దవడలోకి పాకుతుందా? చెమట పడుతుందా?"

"సౌనాలో పట్టదా ఏంటి చెమట?"

"మాట తప్పించకు! చెప్పు!"

అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ గోడకేసి చూశాడు. ఐలా అతని ఎదురుగా వచ్చి నిలబడింది. చెప్పాల్సిన మాట నాలుక చివర ఉంది. ఒకప్పుడు సంతల్లో అమ్మిన మాటే అది. అయినా చెప్పింది.

"అన్నయ్యా, ఇది భుజం కాదు. గుండె."

ఎన్సియో ఒక్క క్షణం తెల్లబోయి, ఆ తరవాత పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"ఓసి నీ దుంపతెగ! గొంతు కూడా అదే! మొహం పాలిపోవడం కూడా అదే! పెద్ద సీసా ఎక్కడ దాచావే?"

"ఒట్టు. అమ్మ మీద ఒట్టు."

"అమ్మ మీద ఒట్టు కూడా నేను నేర్పిందే."

నిజమే. అదీ అతను నేర్పిందే. ఐలా బిర్చి కట్ట తీసి అతని వీపున ఒక్కటి వేసింది, వైద్యం కోసం కాదు. ముప్పై ఏళ్ళ కిందట వందమందికి చెప్పిన అబద్ధం ఇవాళ ఒక్కడి విషయంలో నిజమైతే, ఆ ఒక్కడే నమ్మడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా ఆమెకు తెలియలేదు.

మరునాడు ఆరోగ్య కేంద్రానికి ఫోను చేసింది. నర్సు ఓపిగ్గానే విని, మనిషి వస్తే వెంటనే చూస్తామని చెప్పింది. మనిషి రాడు. "చిన్నదానికి పెద్ద డాక్టర్ల టైము పాడుచేస్తామా, అక్కడ నిజంగా జబ్బు చేసినవాళ్ళుంటారు" అన్నాడు. ఐలా ఇక రుద్దనని తెగేసి చెప్పింది. దానికి అతను పక్క ఊళ్ళో మర్దన చేసే తపానీ దగ్గరికి వెళ్ళి రుద్దించుకుని వచ్చాడు. "తపానీ ఏమన్నాడో తెలుసా? భుజం బిగుసుకుంది అన్నాడు. నిజాయితీపరుడు" అని చెప్పి ఆమె కాఫీయే తాగి వెళ్ళాడు. ఆ వారం ఐలా చేతుల కింద పడ్డ వీపులన్నీ మామూలు కంటే ఎక్కువ దెబ్బలు తిన్నాయి. ఎవరూ ఏమీ అనలేదనుకోండి.

మూడో శనివారం మధ్యాహ్నం ఎన్సియో మళ్ళీ వచ్చాడు. సౌనా వేడెక్కి ఉంది. గుమ్మం నుంచి సౌనా దాకా ఇరవై అడుగులు, మధ్యలో రెండుసార్లు ఆగాడు. మంచు చూస్తున్నట్టు నటించాడు. అక్కడ చూడడానికి ఏ మంచూ లేదు, బురద తప్ప.

"రాళ్ళ మీద నీళ్ళు ఎక్కువ పోయి. ఇవాళ బాగా పట్టింది," అన్నాడు.

ఆ వేడిలోకి ఇతను అడుగుపెడితే బయటికి తానే మోసుకురావాలని ఐలాకు తెలిసిపోయింది. బతిమాలింది, తిట్టింది, ఒట్లు పెట్టింది. ఇక మిగిలింది ఒక్కటే. తనకోసం గుమ్మం దాటనివాడు ఇంకొకరి కోసం సముద్రమైనా దాటుతాడు. ఆ ఊరి మగవాళ్ళంతా అంతే. ఆమె నీళ్ళ గరిటె జారవిడిచింది. గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఎన్సి..." అని సగం పేరు పలికి, బెంచీ పక్కన తడి నేల మీద కూలిపోయింది.

"ఐలా! ఏయ్! ఏంటే?"

ఆమె కళ్ళు తెరవలేదు. ఊపిరి మాత్రం ఎగబీల్చింది, సంతలో నేర్చుకున్న పద్ధతిలో.

"అంబులెన్సుకి చెప్తాను... వద్దు, వాళ్ళెక్కడున్నారో పాపం, శనివారం పూట. నేనే తీసుకెళ్తా. ఆగు, పొయ్యి ఆర్పనా? ఆర్పాలి. ఇల్లు తగలబడితే?"

పొయ్యి ఆర్పి వచ్చాడు. దుప్పటి తెచ్చాడు. కారు సీటు తడవకుండా పాత వార్తాపత్రిక కూడా పరిచి, అప్పుడు ఆమెను చంకల కింద పట్టి నడిపించి ముందు సీట్లో వాల్చాడు. ఐలా పళ్ళు కొరుక్కుంది. నిజంగానే చస్తుంటే ఈ పాటికి చచ్చి ఉండేదాన్ని కదా అనుకుంది.

పట్నంలోని కేంద్ర ఆసుపత్రి నలభై కిలోమీటర్లు. ఎన్సియో అరవై దాటకుండా నడుపుతున్నాడు. మూలుగు పెంచితే డెబ్బై చేశాడు. ఖాళీ కూడలిలో కూడా ఆగి, రెండువైపులా చూసి కదిలాడు. ఐలా లోపల్లోపల అతన్ని తిట్టని తిట్టు లేదు.

కొంత దూరం పోయాక అతను మాట్లాడడం మొదలుపెట్టాడు. రోడ్డుకేసి చూస్తూనే.

"వినిపిస్తోందో లేదో గాని... చావకే. నువ్వు పోతే నేనెవరింటికి పోవాలి? మిల్లుకా?" గేరు మార్చాడు. "నాక్కూడా ఛాతీలో ఏదో ఉందే, ఐలా. క్రిస్మస్ అప్పటి నుంచి. నువ్వు ఎవరికీ చెప్పలేవు కాబట్టి చెప్తున్నా. నోటితో అంటే అది నిజమైపోతుందని భయమేసింది. మా ఆవిడ కూడా అలాగే, జబ్బు పేరు చెప్పిన నెలకే పోయింది. నువ్వు రుద్దితే పోతుందనుకుని వచ్చా. నీ చేతులకి ఏదో ఉందని నాకెప్పుడో తెలుసు. నవ్వకపోతే ఎలా మరి? నవ్వకపోతే నమ్మినట్టే కదా."

 ఆ మాటల కోసం ఐలా ముప్పై ఏళ్ళు ఎదురుచూసింది. ఇప్పుడు చచ్చినట్టు పడి ఉండి వినాల్సి వచ్చింది, జవాబు చెప్పే వీలు లేకుండా. లేచి ఆ నెత్తి మీద రెండు మొట్టాలని, కావలించుకోవాలని ఒకేసారి అనిపించింది.

అంతలో అతని మాట మధ్యలో తెగింది. ఊపిరి మారింది. రోజూ మనుషుల ఊపిరి వింటూ పనిచేసే చెవికి ఆ తేడా వెంటనే తెలిసింది. ఐలా ఒక కన్ను తెరిచింది. అన్న మొహం బూడిద రంగులో ఉంది, నుదుటి మీద చెమట, ఎడమ పిడికిలి రొమ్ముకు అదిమి ఉంది. కారు గడియారంలో రెండూ ఇరవై. పక్కన కోఆపరేటివు దుకాణం దాటిపోతోంది. ఆమె లేచి కూర్చుంది.

"బండి పక్కకి ఆపు!"

ఎన్సియో నొప్పి కంటే ఆ అరుపుకే ఎక్కువ అదిరిపడ్డాడు. కారు రోడ్డుపక్క మంచుగుట్ట అంచుకు తగిలి ఆగింది.

"నువ్వు... చావట్లేదా?"

"లేదు. చస్తున్నది నువ్వు. జరుగు అటు."

"దొంగపీనుగా! నాతో అన్నీ చెప్పించి..."

"తిట్లు తరవాత. జరుగు! కదలకు! జరుగు అంటే కదలాలి, ఆ తరవాత కదలకు! అబ్బ, నా ప్రాణం తీస్తున్నావు కదరా!"

ఆమె దిగి అటు చుట్టి వెళ్ళి, అతన్ని తన సీట్లోకి నెట్టి, వార్తాపత్రిక నలిగి చిరిగిపోతుంటే, స్టీరింగు పట్టుకుంది. నూట ముప్పై మీద పోయింది. అతను మధ్యలో ఒకసారి, "రోడ్డు గడ్డకట్టి ఉంది, నెమ్మది" అన్నాడు. ఆమె "నోర్మూసుకో" అంది. అదొక్కటే సంభాషణ.

ఆసుపత్రిలో మంచం మీదికి చేర్చి, రొమ్ముకు తీగలు అంటించారు. యంత్రం కాగితం కక్కింది. చిన్న వయసు డాక్టరమ్మ దాన్ని చూసి, గబగబా వచ్చి, అతని మీదికి వంగింది.

"రక్తపు గడ్డ కరిగించే మందు ఇవ్వచ్చు. కానీ నొప్పి ఎప్పుడు మొదలైందో నాకు కచ్చితంగా తెలియాలి. ఎప్పుడండీ? ఎక్కడ నొప్పి?"

ఎన్సియో చుట్టూ నిలబడ్డ తెల్లకోట్లను చూశాడు. వాళ్ళందరికీ శ్రమ ఇస్తున్నందుకు సిగ్గుపడ్డాడు.

"పెద్దగా ఏం లేదు," అన్నాడు. "భుజం పట్టేసింది. అంతే."

ఐలా తలుపు దగ్గర నుంచి కేక పెట్టింది. ఆ కేకకు పక్క గదిలో రోగి కూడా లేచి ఉంటాడు. "నీకు బుద్ధుందా? ఇంకా భుజమేంట్రా! ఆవిడ అడుగుతున్నది వాతావరణం కాదు, నీ ప్రాణం! చెప్పరా, దేవుడా, ఒక్కసారి నోరు తెరిచి చెప్పరా!"

నర్సు ఆమెను బయటికి పంపబోయింది. డాక్టరమ్మ మళ్ళీ అడిగింది, ఈసారి ఇంకా నెమ్మదిగా. ఎన్సియో పెదాలు కదిలాయి. 

"నాకు తెలీదమ్మా," అన్నాడు. "అదిగో, మా చెల్లిని అడగండి. తనకి తెలుసు."

 డాక్టరమ్మ ఐలా వైపు తిరిగింది. తడి బట్టలు, కాళ్ళకు సౌనా చెప్పులు, జుట్టులో బిర్చి ఆకు.

"మీరు చెప్పగలరా?"

ఐలా ముందుకొచ్చింది.  క్రిస్మస్ నుంచి ఉంది. మెట్లెక్కితే వస్తుంది, కూర్చుంటే పోతుంది. మూడు వారాలుగా ఎడమ చేతిలోకి దిగుతోంది. ఇవాళ ఇంటి గుమ్మం నుంచి ఇరవై అడుగుల్లో రెండుసార్లు ఆగాడు. తగ్గని నొప్పి మాత్రం రెండూ ఇరవైకి, కోఆపరేటివు దుకాణం పక్కన మొదలైంది, ఇప్పటికి ముప్పై అయిదు నిమిషాలు. డాక్టరమ్మ అడ్డు చెప్పకుండా రాసుకుంది, నర్సుకు ఏదో చెప్పింది, నర్సు పరుగున వెళ్ళి మందు తెచ్చింది. "ఇంకా సమయం ఉంది," అంది డాక్టరమ్మ.

సూది ఎక్కుతుంటే ఐలా అన్న మొహంలోకి చూసింది. ఇప్పుడు అంటాడు, పెద్ద సీసా అంటాడు, కన్ను గీటుతాడు, తను చెప్పినదాంట్లో ఒక్కటైనా తప్పు పడతాడు. ఎన్సియో కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. ఏమీ అనలేదు. ఒక్క మాటకూ అడ్డు రాలేదు. తన అరవయ్యొక్క ఏళ్లలో అలా జరగడం అదే మొదటిసారి. అప్పుడు ఐలాకు భయం వేసింది.